ఓరుగల్లు గుట్టల నుంచి మంచు శిఖరం దాకా: తొలి ఐదు వేల మీటర్ల కొండ ఎక్కడానికి సమగ్ర మార్గదర్శి

రాయి మనకు కొత్త కాదు. ఓరుగల్లు పేరులోనే ఒంటిరాయి ఉంది. పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట, మడికొండ మెట్టుగుట్ట, రేగొండ దాటితే పాండవుల గుట్టలు, హైదరాబాద్ దారిలో భువనగిరి కోట బండ. చేతిపట్టు, కాలిపట్టు నేర్చుకోవడానికి కావలసినంత బండ మన చుట్టూనే ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్టు ఎక్కింది. ఆమె తొలి పాఠాలు భువనగిరి బండ మీదనే సాగాయి.

మనకు లేనివి మూడు: మంచు, చలి, పలచని గాలి. ఇవి ఇక్కడ దొరకవు. అక్కడికే పోయి, రోజులు ఖర్చుపెట్టి అలవాటు చేసుకోవాలి. మన దగ్గరి నుంచి పోయేవాళ్లను వెనక్కి తిప్పేది కాళ్లలో బలం చాలకపోవడం కాదు, సెలవులు చాలకపోవడం. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ రోజుల లెక్క గురించే.

నమూనాగా మనాలీ దగ్గరి ఫ్రెండ్‌షిప్ శిఖరాన్ని తీసుకున్నాం. ఎత్తు 5,289 మీటర్లు. రోడ్డు చివరి నుంచి ఎక్కువ దూరం లేదు, మంచు వాలు ఉంది, పైన రాళ్ల భాగం ఉంది, ఒంట్లో బాగా లేకపోతే తొందరగా కిందికి దిగే దారి ఉంది. తొలి శిఖరానికి ఈ చివరి గుణమే అన్నిటికన్నా ముఖ్యం. వేరే కొండ ఎంచుకున్నా పద్ధతి ఇదే.

బయల్దేరే ఆరు నెలల ముందు: ఒళ్లు చూపించుకోవడం

వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది. 5,289 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ ఇక్కడ అందేదాంట్లో సగానికి కొంచెం ఎక్కువ, అంతే. అందుకే మొదట చూసుకోవాల్సింది రక్తం. హిమోగ్లోబిన్ తక్కువ ఉంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి. రక్తహీనతతో పైకి పోవడమంటే, ఉన్న సగం గాలిని కూడా మోసే బండ్లు లేకుండా పోవడమే.

రెండోది సికిల్ సెల్ పరీక్ష. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు, భూపాలపల్లి వైపు గోండు, కోయ కుటుంబాల పిల్లలు దీన్ని తప్పక చేయించుకోవాలి. జబ్బు లేకుండా ఆ లక్షణం ఒక్కటే మోస్తున్నవాళ్లకు కింద ఏ ఇబ్బందీ తెలియదు. పైన ఆక్సిజన్ తగ్గినప్పుడు మాత్రం ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, ప్లీహానికి పోయే రక్తాన్ని అడ్డుకునే ప్రమాదం ఉంది. ఎడమ డొక్కలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి రావడం దాని గుర్తు. లక్షణం ఉన్నట్టు తేలితే డాక్టరుతో మాట్లాడకుండా టికెట్టు కొనొద్దు.

బీపీ, ఉబ్బసం, నలభై దాటితే గుండె పరీక్ష మామూలే. సల్ఫా మందులు పడవా అన్నది కూడా ముందే తెలుసుకోండి. ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్‌తో దీనికి సంబంధం ఉంది.

నాలుగు నెలల సాధన

శిఖరం రోజున సుమారు వెయ్యి మీటర్లు ఎక్కి, అదంతా మళ్లీ దిగాలి. మన గుట్టలు చిన్నవి కాబట్టి ఎక్కిందే మళ్లీ మళ్లీ ఎక్కాలి. వంద మీటర్ల గుట్టను పది సార్లు ఎక్కితే వెయ్యి మీటర్లు. గుట్ట అందుబాటులో లేకపోతే అయిదు అంతస్తుల మెట్లు చాలు. అంతస్తుకు మూడు మీటర్ల లెక్కన ఒక చుట్టుకు పదిహేను మీటర్లు, అరవై ఏడు చుట్లకు వెయ్యి మీటర్లు. మొదటి నెలలో వారానికి రెండు రోజులు, రోజుకు 300 మీటర్లతో మొదలుపెట్టండి. నాలుగో నెలకు వారంలో ఒక రోజు వీపు మీద 12 కిలోలతో వెయ్యి మీటర్లు ఎక్కగలగాలి. మిగతా రోజుల్లో పరుగు: అయిదు కిలోమీటర్లు ముప్పై నిమిషాల్లో, ఆ తర్వాత కూడా మాట్లాడగలిగే ఊపిరితో.

బరువుకు రాళ్లకు బదులు నీళ్ల డబ్బాలు పెట్టుకోండి. మొదటి రెండు నెలలు పైన నీళ్లు పారబోసి ఖాళీ సంచితో దిగితే మోకాళ్లు చెడవు. ఆ తర్వాత బరువుతోనే దిగడం అలవాటు చేయాలి. తొడ ముందు కండరం ఎక్కేటప్పుడు ముడుచుకుంటుంది, దిగేటప్పుడు సాగుతూ బరువు ఆపుతుంది. ఈ రెండోది అలవాటు లేనివాళ్లకే శిఖరం నుంచి దిగేటప్పుడు కాళ్లు వణికి అడుగు తప్పుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలుపెట్టి ఏడులోపు ముగించండి. ఎండలో పరుగెత్తితే ఎత్తు అలవాటవుతుందని కొందరు, ముక్కుకు మాస్కు కట్టుకుని పరుగెత్తితే అలవాటవుతుందని కొందరు అంటారు. రెండూ తప్పే. మాస్కు ఊపిరికి అడ్డు పడుతుంది తప్ప గాలిలో ఆక్సిజన్ పీడనాన్ని తగ్గించదు. కాబట్టి రక్తంలో రావాల్సిన మార్పు రాదు.

బండ మీద ఇక్కడే నేర్చుకోవాల్సినవి

నేర్పేవాళ్లు పక్కన ఉండగా నడుముకు హార్నెస్ కట్టుకోవడం, తాడు పట్టి పైవాళ్లను కాచడం, తాడు మీద దిగడం నేర్చుకోండి. మూడు ముడులు కళ్లు మూసుకుని వేయగలగాలి: ఎనిమిది ముడి, క్లోవ్ హిచ్, ప్రూసిక్ (సన్న తాడును పెద్ద తాడు చుట్టూ చుట్టే, బరువు పడితే బిగుసుకునే ముడి). ఆ తర్వాత బకెట్టులో ఐసు నీళ్లు పోసి, చేతులు ఒక నిమిషం ముంచి తీసి, ఉన్ని గ్లవుజులు తొడుక్కుని అవే ముడులు వేయండి. మే నెల ఎండలో ఇది వింతగా కనిపిస్తుంది కానీ రాత్రి రెండింటికి వాలు మీద చేతులు మొద్దుబారినప్పుడు అక్కరకొచ్చేది ఈ సాధనే.

బండ ఎక్కే సన్నటి బూట్లతో ఎంత బాగా ఎక్కినా మంచు కొండ మీద అది పనికిరాదు. మీరు తీసుకుపోయే గట్టి బూట్లతోనే సులువైన బండ ఎక్కడం అలవాటు చేసుకోండి. పాండవుల గుట్టల్లో ఒక జాగ్రత్త: అక్కడిది ఇసుకరాయి, వాన నీరు పీల్చుకుంటే బలం తగ్గి పట్టు విరుగుతుంది. వాన పడితే రెండు రోజులు ఆగాలి. ఆదిమ కాలపు చిత్రాలున్న గోడలను తాకొద్దు, వాటి దగ్గర తాడు కట్టొద్దు.

గ్రానైటు బండ మీద పెరిగినవాళ్లకు ఒక చెడు అలవాటు ఉంటుంది: పట్టుకున్న రాయి కదలదని నమ్మడం. హిమాలయంలో నీరు పగుళ్లలో దిగి, రాత్రి గడ్డకట్టి, ఉబ్బి రాతిని చీలుస్తూనే ఉంటుంది. అక్కడ ప్రతి పట్టునూ అరచేతితో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే దాన్ని వదిలేయాలి. లాగే పట్టు కన్నా కిందికి నొక్కే పట్టు మేలు.

శిక్షణ: కోర్సా, గైడా?

నెల రోజులు దొరికితే బేసిక్ కోర్సు చేయండి. మా సలహా ఇదే, దీనికి సాటి వచ్చేది లేదు. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954లో, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ 1965లో మొదలయ్యాయి. మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయి సంస్థ, పహల్గామ్‌లో జవహర్ సంస్థ ఉన్నాయి. కోర్సు దాదాపు నాలుగు వారాలు: బండ, మంచు, హిమానీనదం, తాడు పనులు అన్నీ వరుసగా నేర్పుతారు. సీట్లు చాలా ముందే నిండిపోతాయి కాబట్టి ఏడాది ముందు దరఖాస్తు పెట్టండి.

అది కుదరకపోతే మనాలీలో గైడ్‌ను పెట్టుకోండి. బేరం ఆడేటప్పుడు ధర ఒక్కటే అడగొద్దు. గైడ్ ఏ కోర్సులు చేశారు, ఒక గైడ్‌కు ఎంతమంది (నలుగురికి మించకూడదు), ఆక్సిజన్ సిలిండర్ వెంట వస్తుందా, శిఖరం కోసం అదనపు రోజులు ఎన్ని, అనుమతులు ఎవరు తీస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. అదనపు రోజులు లేని ప్యాకేజీ ఎంత చవకైనా వద్దు.

సామాను

బూట్లు: అడుగు భాగం చేత్తో వంచితే వంగకూడదు. ఐదు వేల మీటర్ల వేసవి శిఖరానికి లోపల వెచ్చని పొర ఉన్న గట్టి తోలు బూట్లు సరిపోతాయి. ఆరు వేలు దాటితే రెండు పొరల బూట్లు కావాలి. మందపాటి ఉన్ని సాక్సు వేసుకుని, లేసు కట్టకుండా కాలు ముందుకు నెడితే మడమ వెనక ఒక వేలు పట్టాలి. రెండు జతల సాక్సులు ఇరికించి వేసుకోవడం మనవాళ్లు చేసే మామూలు పొరపాటు. బిగుతుకు రక్తం ఆగిపోయి వేళ్లు ముందే చల్లబడతాయి.

క్రాంపాన్లు: బూటు అడుగున బిగించే ఇనుప పళ్ల చట్రం. పన్నెండు పళ్లవి, ఉక్కువి తీసుకోండి. అల్యూమినియంవి రాళ్ల మీద అరిగిపోతాయి. మీ బూటుకే సరిచేసి, పట్టీ కట్టకముందు బూటును ఎత్తి ఊపండి, చట్రం ఊడిపడకూడదు. అడుగున మంచు ముద్దకట్టకుండా ప్లాస్టిక్ పలక ఉండాలి. అద్దెకు తీసుకుంటే ఈ పరీక్ష అంతా మనాలీ దుకాణంలోనే చేయండి, క్యాంపులో కాదు.

ఐస్ యాక్స్: మంచు గొడ్డలి. తలకు ఒక వైపు వాడి ముక్కు (పిక్), రెండో వైపు పార అంచు, కర్ర కింద మొన ఉంటాయి. తల పట్టుకుని చేయి వేలాడేస్తే కింది మొన చీలమండ దగ్గరికి రావాలి. చాలామందికి 55 నుంచి 65 సెంటీమీటర్లు సరిపోతుంది. ఇంకా కావలసినవి: హెల్మెట్, హార్నెస్, తాళం పడే కారబైనర్లు (తాడు తగిలించే లోహపు కొక్కేలు) మూడు, మామూలువి రెండు, 120 సెంటీమీటర్ల స్లింగ్ (కుట్టిన పట్టీ చుట్ట) ఒకటి, 6 మిల్లీమీటర్ల ప్రూసిక్ తాళ్లు రెండు, తాడు మీద దిగే పరికరం, జుమార్ (తాడు మీద పైకి జరుగుతూ, కిందికి జారకుండా పట్టే పిడి). జట్టుకు 50 మీటర్ల సాగే తాడు ఒకటి, మంచులో పాతే స్నో బార్లు రెండు మూడు.

బట్టల్లో నూలు వద్దు, లోదుస్తులు కూడా. నూలు చెమట పీల్చుకుని ఆరదు, తడి బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. ఒంటికి ఉన్ని లేదా పాలిస్టర్, దాని మీద ఫ్లీస్, పైన గాలి, మంచు దూరని జాకెట్టు. ఆగినప్పుడు అన్నిటి మీద వేసుకోవడానికి డౌన్ (పక్షి ఈకలు నింపిన) జాకెట్టు. గ్లవుజులు మూడు రకాలు: లోపలి సన్నవి, ఫ్లీస్‌వి, బయట నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవి. బయటివి మణికట్టుకు దారంతో కట్టుకోండి. ఒక గ్లవుజు గాలికి ఎగిరిపోతే ఆ రోజు శిఖరం అయిపోయినట్టే, వేళ్లు దక్కడం ముఖ్యం.

కళ్లద్దాలు నాలుగో కేటగిరీవి, పక్కల కప్పు ఉన్నవి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగే కొద్దీ అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో ఎనభై శాతం దాకా తిరిగి మీ ముఖం మీదికే కొడుతుంది. ముక్కు రంధ్రాల కింద, గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాసుకోవాల్సింది అందుకే.

తల లైటుకు అదనపు బ్యాటరీలు, మైనస్ పదికి సరిపోయే స్లీపింగ్ బ్యాగు, కింద పరుచుకునే చాప. నేల నుంచి ఎక్కే చలికి బ్యాగు కన్నా చాపే అడ్డం. గ్యాస్ డబ్బాలు రైల్లో తీసుకుపోకూడదు, మనాలీలో కొనండి. మామూలు బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదు, స్టవ్ మండదు. ప్రొపేన్ కలిసినది అడిగి తీసుకోండి.

తిండి, నీళ్లు

పైన ఆకలి చచ్చిపోతుంది. నోటికి అలవాటైనదే లోపలికి పోతుంది. పల్లి పట్టి, నువ్వుల ముద్దలు, పుట్నాలు, సకినాలు, దొరికితే ఉట్నూరు వైపు చేసే ఇప్పపువ్వు లడ్డూలు తీసుకోండి. సకినాలు చలికి గట్టిపడవు, డబ్బాలో పెడితే పొడి కావు. చాక్లెట్ మాత్రం రాయిలా బిగుస్తుంది. శిఖరం రోజుకు మనిషికి అర కిలో పొడి తిండి లెక్కగట్టి, జేబుల్లో సర్ది, గంటకోసారి రెండు ముక్కలు తినాలి.

4,200 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 86 డిగ్రీలకే మరుగుతాయి. అన్నం పలుకుగా మిగులుతుంది, పప్పు ఉడకనే ఉడకదు. ప్రెషర్ కుక్కర్ లేకపోతే అటుకులు, ఉప్మా, నూడుల్స్ మీద ఆధారపడండి. రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు తాగాలి. మంచు కరిగించేటప్పుడు గిన్నె అడుగున ముందు రెండు గుక్కల నీళ్లు పోసి, తర్వాత మంచు కొంచెం కొంచెంగా వేయాలి. ఒట్టి మంచు వేస్తే గిన్నె మాడుతుంది, నీళ్లు ఆ వాసన పడతాయి. సీసాను సంచిలో తలకిందులుగా పెట్టండి. గడ్డ పైనుంచి కడుతుంది కాబట్టి మూత బిగుసుకోదు.

రోజుల లెక్క

కాలం మే రెండో సగం నుంచి జూన్ దాకా, లేదా వానలు తగ్గాక సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా. మొదటిదాంట్లో మంచు ఎక్కువ, నడక సులువు. రెండోదాంట్లో రాళ్లు బయటపడతాయి, మంచు పగుళ్లు తెరుచుకుంటాయి.

కాజీపేటలో ఢిల్లీ రైలెక్కితే ఒక రోజు, అక్కడి నుంచి మనాలీకి బస్సులో ఒక రాత్రి. మనాలీ (సుమారు 2,050 మీటర్లు)లో రెండు రాత్రులు ఉండండి. మూడో రోజు ధుండి దాకా బండిలో పోయి, అక్కడి నుంచి నడిచి బకర్‌థాచ్ (సుమారు 3,300). నాలుగో రోజు బియాస్ కుండ్ దాకా ఎక్కి, తిరిగి బకర్‌థాచ్‌లోనే పడుకోవాలి. ఇది వృథా రోజు కాదు, ఎత్తుకు ఎక్కి కిందికి వచ్చి పడుకోవడమే ఒంటికి నేర్పే పద్ధతి. అయిదో రోజు లేడీలెగ్ క్యాంపు (సుమారు 3,850). ఆరో రోజు అక్కడే మంచు సాధన. ఏడో రోజు పై క్యాంపు (సుమారు 4,200). ఎనిమిదో రోజు శిఖరం. తొమ్మిది, పది రోజులు వాతావరణం కోసం చేతిలో ఉంచుకోవాలి. రానుపోను ప్రయాణంతో కలిపి పదహారు రోజుల సెలవు.

దీని వెనకున్న లెక్క చిన్నది: 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు సగటున రోజుకు 500 మీటర్ల కన్నా ఎక్కువ పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. పగలు ఎంత ఎక్కినా పర్వాలేదు, పడుకునే ఎత్తే లెక్క. ఈ రోజుల్లో ఒకటి తీసేస్తే సెలవు మిగులుతుంది, శిఖరం మిగలకపోవచ్చు.

మంచు మీద ఒక రోజు సాధన

కింద రాళ్లు లేని, జారినా మెల్లగా ఆగిపోయే వాలు ఎంచుకోండి. మొదట క్రాంపాన్లు లేకుండా బూటు ముందు భాగంతో తన్ని మెట్టు చేసుకుంటూ ఎక్కడం నేర్చుకోవాలి. దిగేటప్పుడు ముఖం లోయ వైపు, మోకాలు కొంచెం వంచి మడమ ముందు దించాలి. వెనక్కి వాలితే జారతారు, భయం వేసినప్పుడు అందరూ చేసేది అదే.

తర్వాత జారినప్పుడు ఆగడం. ఒక చేయి యాక్స్ తల మీద, బొటనవేలు పార అంచు కింద. ఆ అంచు మెడకూ భుజానికీ మధ్య గుంటలో ఉండాలి. కర్ర ఛాతీకి అడ్డంగా ఏటవాలుగా రావాలి, రెండో చేయి కింది మొనను కప్పి తుంటి దగ్గర పట్టుకోవాలి. యాక్స్ తల ఉన్న వైపుకే దొర్లి బోర్లాపడి, ఛాతీ బరువంతా పిక్ మీద వేయాలి. మొన వైపు దొర్లితే అది మంచులో దిగి యాక్స్‌ను చేతిలోంచి లాగేస్తుంది. క్రాంపాన్లు ఉన్నప్పుడు పాదాలు పైకెత్తి మోకాళ్ల మీద ఆగాలి. పళ్లు మంచులో తగులుకుంటే మనిషి పల్టీ కొడతాడు, చీలమండ విరుగుతుంది. సాధన మాత్రం క్రాంపాన్లు తీసేసే చేయాలి. బోర్లా కాళ్లు కిందికి, వెల్లకిలా కాళ్లు కిందికి, బోర్లా తల కిందికి, వెల్లకిలా తల కిందికి: నాలుగు రకాలుగా, ఒక్కోటి పది సార్లు. ఆగడం మొదటి సెకనులోనే సాధ్యం, వేగం అందుకున్నాక గట్టి మంచు మీద ఎవరూ ఆగలేరు.

క్రాంపాన్లతో నడిచేటప్పుడు కాళ్లు ఒక జానెడు ఎడంగా ఉంచండి. ఒక కాలి పళ్లు రెండో కాలి ప్యాంటుకు తగులుకుని పడేవాళ్లు చాలామంది. మామూలు వాలు మీద అన్ని పళ్లూ ఒకేసారి దిగేలా పాదం మొత్తం ఆనించాలి, చీలమండ వంగాలి. వాలు బాగా నిటారైతేనే ముందు పళ్లతో ఎక్కడం. అప్పుడు మడమ పైకి లేవకూడదు, లేస్తే పిక్క నిమిషాల్లో పట్టేస్తుంది.

శిఖరం రాత్రి

పై క్యాంపు నుంచి శిఖరానికి దాదాపు 1,090 మీటర్లు. ఈ ఎత్తులో గంటకు 150 మీటర్లు ఎక్కితే మంచి నడక. అంటే ఏడు గంటలకు పైగా, ఆగడాలు కలిపితే ఎనిమిది. కాబట్టి రాత్రి పదకొండున్నరకు లేచి, టీ తాగి, ఒంటిగంటకు కదలాలి. రాత్రి ఎక్కేది ఊరికే కాదు. మంచు గట్టిగా ఉంటుంది, రాళ్లు గడ్డకట్టి కదలవు. ఎండ తగిలాక రెండూ వదులవుతాయి.

వెనక్కి తిరిగే వేళలు కిందే కాగితం మీద రాసుకోండి. అయిదున్నరకు సగం ఎత్తు (సుమారు 4,750 మీటర్లు) చేరకపోతే తిరుగుముఖం. పది గంటలకు ఎక్కడున్నా తిరుగుముఖం, శిఖరం కళ్ల ముందున్నా సరే. పైన ఆక్సిజన్ తక్కువైన మెదడు సరైన లెక్క వేయదు. అందుకే కింద వేసిన లెక్కకే కట్టుబడాలి.

మొదటి అరగంట చాలా మెల్లగా నడవాలి. అడుగు వేసి, వెనక కాలి మోకాలు నిటారుగా బిగించి, బరువు ఎముక మీద ఒక క్షణం నిలిపి, తర్వాత రెండో అడుగు. ఆ క్షణంలో కండరానికి విశ్రాంతి దొరుకుతుంది. ఒక్కో అడుగుకు ఒక శ్వాస, పైకి పోయాక రెండు. నోరు తెరిచి ఆయాసపడుతున్నారంటే వేగం ఎక్కువైనట్టు. చెమట పట్టకముందే ఒక పొర విప్పండి, ఆగిన వెంటనే డౌన్ వేసుకోండి. మైనస్ పది డిగ్రీల్లో గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి మైనస్ ఇరవై ఒకటిలా తగులుతుంది.

పగుళ్లున్న హిమానీనదం మీద ముగ్గురు నలుగురు ఒకే తాడుకు, మనిషికి మనిషికి పది మీటర్ల ఎడంతో కట్టుకోవాలి. తాడు మంచును రాసుకుంటూ పోవాలి, వదులుగా చుట్టలు చేతిలో పట్టుకోకూడదు. పగుళ్లు లేని నిటారు గట్టి మంచు మీద మాత్రం సంగతి వేరు. అక్కడ స్నో బార్ పాతకుండా అందరూ ఒకే తాడుకు కట్టుకుంటే, ఒకరు జారినా అందరూ పోతారు. కాబట్టి యాంకర్ అన్నా వేయాలి (తాడును పాతిన స్నో బార్‌కు బిగించాలి), లేకపోతే తాడన్నా విప్పాలి. వాలు మీద ముందే బిగించి ఉంచిన తాడు దగ్గర జుమార్‌తో పాటు రెండో కారబైనర్ ఎప్పుడూ తగిలించి ఉండాలి. ముడి దాటేటప్పుడు ఒకటి తగిలించాకే ఇంకోటి తీయాలి.

రాళ్ల భాగం

మంచు, రాయి మారి మారి వస్తుంటే ప్రతిసారీ క్రాంపాన్లు విప్పొద్దు. ముందు రెండు పళ్లను చిన్న అంచు మీద పెట్టి, బరువు వేశాక పాదాన్ని కదపకుండా లేవాలి. మడమ ఊగితే పళ్లు జారతాయి. మూడు పట్టులు ఉంచి నాలుగోది మార్చడం మన గుట్టల పాఠమే.

ఒకరి నెత్తి మీద ఒకరు నిలబడి ఎక్కొద్దు. రాళ్ల మధ్య సన్నని సందులో అయితే అందరూ దగ్గర దగ్గరగా పోవాలి, కదిలిన రాయి వేగం అందుకోకముందే ఆపొచ్చు. వెడల్పు చోట ఒక్కొక్కరుగా దాటాలి. రాయి పడితే అరిచే మాట ముందే ఒప్పుకోండి. గైడ్‌కూ అర్థమయ్యేలా "పత్థర్!" అనడం మేలు. అరుపు వినగానే పైకి చూడొద్దు, తల గోడకు ఆనించి సంచిని వీపు మీదే ఉంచండి.

శిఖరం అంచున గాలి పేర్చిన మంచు చూరులా లోయలోకి వేలాడుతుంది. పైన నిలబడ్డవాళ్లకు కింద ఖాళీ ఉందని కనపడదు. అది అంచు దగ్గర కాదు, చాలా లోపలి నుంచి విరుగుతుంది. గైడ్ అడుగు పడ్డ చోటు దాటి ఫొటో కోసం ముందుకు పోవద్దు. పైన ఇరవై నిమిషాలు చాలు. నీళ్లు తాగి, ఏదైనా తిని, క్రాంపాన్ల పట్టీలు మళ్లీ బిగించి దిగడం మొదలుపెట్టండి.

దిగడం

దిగేటప్పుడు అనుభవం తక్కువ ఉన్నవాళ్లు ముందు, ఎక్కువ ఉన్నవాళ్లు చివర. నిటారు చోట కొండ వైపు తిరిగి నిచ్చెన దిగినట్టు దిగాలి. తొమ్మిది దాటితే మెత్తబడ్డ మంచు క్రాంపాన్ల కింద ముద్దకడుతుంది. రెండు మూడు అడుగులకోసారి యాక్స్ కర్రతో బూటు పక్క కొట్టి రాల్చాలి. కూర్చుని జారాలనిపిస్తే క్రాంపాన్లు విప్పాకే, అదీ చివరి దాకా కనిపించే వాలు మీదనే. తాడు మీద దిగాల్సి వస్తే తాడు కొసలకు ముడి, పరికరం కింద ప్రూసిక్, యాంకర్‌ను ఇద్దరు చూడటం. ఈ మూడూ అలసిపోయినప్పుడే మరచిపోతారు.

ఏం చెడుతుంది, ఎందుకు

తలనొప్పితో పాటు వికారం, నీరసం, తల తిరగడం ఉంటే అది ఎత్తు జబ్బు, ఇంకో కారణం వెతకొద్దు. అక్కడే ఆగాలి. తగ్గితేనే పైకి, పెరిగితే కిందికి. ఎసిటజోలమైడ్ 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ఒక రోజు ముందు నుంచి, డాక్టరు చెబితే వాడొచ్చు. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ రావడం దాని గుణం. మద్యం, నిద్రమాత్రలు వద్దు, అవి రాత్రి ఊపిరిని ఇంకా తగ్గిస్తాయి.

కూర్చున్నా ఆయాసం, దగ్గు, పెదవులు నీలబడటం, తర్వాత గులాబీ నురగ వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మాట తడబడటం, గీత మీద మడమకు బొటనవేలు ఆనించి నడవలేకపోవడం మెదడు వాచిన గుర్తు. రెండింటికీ అసలు వైద్యం దిగడమే, అర్ధరాత్రైనా సరే, లక్షణాలు తగ్గేదాకా, కనీసం 300 నుంచి 1,000 మీటర్లు. మనిషిని ఒంటరిగా పంపొద్దు. ఆక్సిజన్ ఉంటే పెట్టాలి. మొదటిదానికి నిఫెడిపిన్, రెండోదానికి డెక్సామెథసోన్ వాడతారు. మోతాదులు ముందే డాక్టరుతో రాయించుకుని డబ్బా మీద అంటించండి. మందు వేశాం కదా అని దిగడం మానొద్దు.

వేళ్లు నొప్పి పుడుతున్నంతసేపు భయం లేదు. నొప్పి పోయి తెల్లగా, మైనంలా మారితే గడ్డకడుతున్నట్టు. మంచుతో రుద్దొద్దు, స్టవ్ దగ్గర పెట్టొద్దు. మళ్లీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి వచ్చాకే 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ముంచాలి. కళ్లద్దాలు తీసిన పొరపాటు ఆరు గంటల తర్వాత గానీ తెలియదు: కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు. చీకట్లో, కళ్లు మూసి ఒకటి రెండు రోజులు ఉంచాలి.

మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే జారతాయి, అంటే మనం ఎక్కే వాలే. 30 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ కొత్త మంచు పడితే కనీసం రెండు రోజులు కదలొద్దు. అడుగు వేస్తే నేల "ధుమ్" అని కూర్చున్న శబ్దం వచ్చినా, పాదం నుంచి పగులు పాకినా అక్కడి నుంచే వెనక్కి. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 శిఖరం మీద ఇరవై తొమ్మిది మంది ఇలాంటి చరియ కింద పోయారు. వాళ్లంతా శిక్షణలో ఉన్నవాళ్లు, శిక్షకులు. బీకన్ (మంచు కింద ఉన్నవాళ్ల జాడ తెలిపే రేడియో పరికరం), పొడిచి వెతికే ప్రోబ్, పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. కప్పుబడ్డవాళ్లను పదిహేను నిమిషాల్లోపు తవ్వి తీస్తేనే ఆశ ఎక్కువ, అంటే కాపాడేది పక్కనున్నవాళ్లే, హెలికాప్టర్ కాదు.

క్యాంపుకు మధ్యాహ్నం లోపు చేరితే, గంట పడుకుని, తిని, అదే రోజు లేడీలెగ్ దాకా దిగండి. తాడు, బూట్ల లోపలి పొరలు నీడలో ఆరబెట్టండి, స్టవ్ మీద కాదు. మనాలీ చేరగానే ఇంట్లో మీ రోజుల పట్టిక ఉంచుకున్నవాళ్లకు ఫోను చేయండి. చెప్పిన తేదీ దాటి ఒక రోజైనా కబురు లేకపోతే వాళ్లు పట్టిక తీసి వెతుకులాట మొదలుపెట్టించాలని బయల్దేరేటప్పుడే చెప్పి ఉంచాలి.